ముఖ్య అతిథి చేతికి సరిపోయే మైకు

సోలోగా స్టేజీ ఎక్కి పాడేవాళ్లు ముందు తమ గొంతు ఎలాంటిదో తెలుసుకోవాలని, దానికి నప్పే మైకు కొనుక్కోవాలని అనుభవజ్ఞులు చెబుతుంటారు. అనుభవజ్ఞులంటే గౌరవమే గానీ, వాళ్లెవరూ హన్మకొండలో ధోతి ఫంక్షన్‌కు పాడినవాళ్లు కాదని ఆ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది. మన దగ్గర సోలో ప్రోగ్రాంలో మైకు గాయకుడి నోటి ముందు ఉండేది కొద్దిసేపే. మిగతా సేపంతా అది ప్రజాప్రతినిధుల చేతుల్లో, మాజీ ప్రజాప్రతినిధుల చేతుల్లో, వచ్చే ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్నవాళ్ల చేతుల్లో, పిల్లగాడి మేనమామల చేతుల్లో ఉంటుంది. అందుచేత కొనేవాడు కొలతలు తీసుకోవలసింది వాళ్ల చేతులకు. గొంతు సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఈ శాస్త్రీయ దృక్పథం కొరవడినందువల్లే ఉమ్మడి వరంగల్ జిల్లా కళాకారులు ఎంతో ధనం వృథా చేసుకుంటున్నారు.

ముందు ధనం సంగతే చూద్దాం. ఏ సౌండ్ సిస్టం అన్నను అడిగినా మొదటి జవాబు ఒక్కటే. "తీస్కుంటె షూర్ ఎస్ఎం58 తీస్కో తమ్మీ, లేకుంటె ఊకో." అది 1966లో అమెరికాలో వచ్చిన మైకు. ఇన్నేండ్లయినా దాని రూపం పెద్దగా మారలేదు. కింద పడ్డా పలుకుతుంది, తడిసినా పలుకుతుంది, జాలీ సొట్టపోయినా పలుకుతుంది. ధర పదివేలకు అటూ ఇటూ. రాత్రికి రెండువేలు, భోజనం, ఒక శాలువా లెక్కన పాడేవాడికి ఇది ఐదు ప్రోగ్రాంల రాబడి. శాలువాలకు కూడా వెల కడితే నాలుగున్నర.

పదివేలు లేనివాడికి లోకంలో దారులు మూసుకుపోలేదు. రెండు మూడు వేల లోపే బెరింగర్ ఎక్స్‌ఎం8500 ఉంది. 1940 నుంచి మన దేశంలోనే మైకుసెట్లు చేస్తున్న అహూజా వాళ్లవి ఉన్నాయి. ఊళ్లలో గుడి మీది బాకా మీద మనం చిన్నప్పుడు కూడబలుక్కుని చదివిన పేరు అదే. ఇవన్నీ డైనమిక్ మైకులే. లోపల పల్చటి పొర, దానికి అంటుకుని తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. గాలి తాకితే పొర కదులుతుంది, చుట్ట కదులుతుంది, కరెంటు పుడుతుంది. బయటి నుంచి పవర్ అక్కర్లేదు. టెంట్‌హౌస్ బాక్సుల నుంచి వచ్చే శబ్దంలో రెండువేల మైకుకూ పదివేల మైకుకూ తేడా మూడో వరస దాటితే ఎవరికీ వినిపించదు. మూడో వరస దాకా కూర్చున్నవాళ్లు ఎలాగూ ఫోన్లు చూసుకుంటుంటారు. తేడా తెలిసేది ఏడాది తర్వాత, చవక మైకు మెడ దగ్గర కదిలించినప్పుడల్లా గరగరమన్నప్పుడు.

ఇక ఆ పదివేల మైకే పన్నెండు వందలకు వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో లింకు పంపితే సంతోషంగా తెప్పించుకోండి. పెట్టె మీద పేరు కూడా సరిగ్గానే ఉంటుంది. అసలుదాని బరువు 298 గ్రాములు గనుక, వచ్చినదాన్ని కిరాణా దుకాణం కాంటా మీద పెడితే కొన్నిసార్లు అక్కడే దాని పుట్టుక బయటపడుతుంది. నకిలీలు ప్రపంచమంతటా ఉన్న మైకు ఇది. మనమొక్కరమే మోసపోయామని కుంగిపోనక్కర్లేదు.

కండెన్సర్ మైకు జోలికి మాత్రం పోవద్దు. దానికి మిక్సర్ నుంచి, అంటే మైకులన్నీ కలిపే సౌండ్ అన్న పెట్టె నుంచి, మైకు వైరులోంచే 48 వోల్టుల ఫాంటం పవర్ అందాలి. అందిందే అనుకుందాం, అది మహా చురుకైనది. గాయకుడి ఊపిరితోపాటు జనరేటర్ రొదను, వెనకాల బగారన్నం గంజులో గరిటె పడ్డ సప్పుడును, మూడో టేబుల్ దగ్గర మటన్ ముక్కల పంపకంపై నడుస్తున్న చర్చను కూడా సమాన శ్రద్ధతో వినిపిస్తుంది. స్టేజీ మీదికి కాస్త మొద్దు చెవి మైకే మేలు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే చేతులకు వద్దాం.

పాటల మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. ముందు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుని, వెనక నుంచి, అంటే వైరు వైపు నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఈ వివేకం వాటికి మంత్రంతో రాలేదు. జాలీ కింద, పొర వెనకాల సన్నటి సందులు ఉంటాయి. వెనక శబ్దం ఆ సందుల్లోంచి కూడా పొరను చేరి, ముందు నుంచి చేరినదానితో తలపడి చెల్లిపోతుంది. ఆ సందులు తెరిచి ఉన్నంతసేపే మైకుకు ముందూ వెనకా తెలుస్తుంది.

మన పెద్దమనుషులు మైకును అక్కడే పట్టుకుంటారు. పిడి కింద ఎంతో స్థలం ఖాళీగా ఉన్నా, జాతరకు తెచ్చిన కోడిని పట్టినట్టు సరిగ్గా మెడ దగ్గర, జాలీతో సహా పిడికిట్లో బిగిస్తారు. సందులు మూసుకుంటాయి. మైకు దిక్కుల జ్ఞానం పోగొట్టుకుని నాలుగు వైపులా వినడం మొదలుపెడుతుంది. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి, మైకులోంచి మళ్లీ బాక్సులోకి తిరిగి తిరిగి ఫంక్షన్ హాలంతా "కూఁయ్" అని మోగుతుంది. అప్పుడు సభ మొత్తం గాయకుడి వైపు చూస్తుంది. పెద్దమనిషి పిడికిలి ఇంకాస్త బిగించి, ప్రేమగా మందలిస్తాడు.

"ఏమయ్యా, జర మంచి మైకు తేరాదు?"

ఈ ప్రశ్నకు ఏ కంపెనీ దగ్గరా జవాబు లేదు. కంపెనీ వాళ్లు కరపత్రంలో మైకు వినే స్వరాల మేర 50 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ దాకా అని రాస్తారు గానీ, సర్పంచ్ పిడికిలికి ఎంతసేపు ఆగుతుందో రాయరు. ఉత్తర తెలంగాణకు పంపే మైకుల జాలీ మీద తుమ్మ ముళ్లు మొలిపించే సాంకేతికత వచ్చేదాకా మనకు విముక్తి లేదు.

సూపర్ కార్డియాయిడ్ కొంటే ఈ బాధ తప్పుతుందని కొందరి నమ్మకం. ఇది ముందువైపు మరీ సన్నగా వింటుంది కాబట్టి పక్కల సప్పుడు ఇంకా తగ్గుతుంది, నిజమే. కానీ సరిగ్గా వెనక నుంచి కొంచెం వింటుంది. అది అస్సలు వినని చోటు వెనక కాదు, ముందు నుంచి లెక్కపెడితే ఇంచుమించు 126 డిగ్రీల దగ్గర, వెనక పక్కలకు. కాబట్టి గాయకుడికి తన గొంతు తనకు వినిపించడానికి నేల మీద పెట్టే మానిటర్ బాక్సును మామూలు కార్డియాయిడ్‌కైతే ఎదురుగా, వైరు కొసకు సూటిగా పెట్టాలి. సూపర్‌కైతే కాస్త పక్కకు జరపాలి. ఈ సంగతి తెలిసిన గాయకుడు సౌండ్ అన్న దగ్గరికి పోయి వినయంగా చెబుతాడు. సౌండ్ అన్న అంతకంటే వినయంగా, "మానిటరా? ఏం మానిటర్?" అంటాడు.

అసలు మన దగ్గర బాక్సుల స్థానం డిగ్రీలను బట్టి నిర్ణయం కాదు, ఫ్లెక్సీని బట్టి అవుతుంది. ధ్వని శాస్త్రం ప్రకారం పెద్ద బాక్సులు గాయకుడి కంటే ముందు, జనం వైపు ఉండాలి. అలా పెడితే స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీలో కుడివైపు చివరన ఉన్న యువనాయకుడి ముఖం మూసుకుపోతుంది. ఎడమవైపు పెడితే అన్నదాన దాత ముఖం. ఈ రెంటిలో ఏ ఒక్కటి మూసుకుపోయినా మరుసటేడు ప్రోగ్రాం ఉండదు. అందుకని బాక్సులను జరిపి జరిపి గాయకుడి వీపు వెనక, ముఖాలు లేని మూలలో పెడతారు. అక్కడి నుంచి బాక్సు సూటిగా చూసేది మైకు ముందువైపునే, అంటే అది అత్యంత శ్రద్ధగా వినే వైపునే. మధ్యలో అడ్డం గాయకుడి తలకాయ ఒక్కటే. అది ఎంత పెద్దదైనా చాలదు. పదివేలది కాదు, లక్ష రూపాయల మైకైనా కూయ్ మంటుంది. దీనికి నేను ఒక పరిష్కారం సూచిస్తున్నాను. ముఖాలను ఫ్లెక్సీ మీద కాక నేరుగా బాక్సుల జాలీల మీదే అచ్చువేయించాలి. నాయకులు ముందుకు వస్తారు, బాక్సులూ ముందుకు వస్తాయి.

మైకును పరీక్షించే పద్ధతి కూడా మారాలి. "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అని ఇంకెన్నాళ్లు? తర్వాత వేలితో టకటకా కొట్టి, ఉఫ్ మని ఊదడం. పల్చటి పొరకు ఆ దెబ్బా మంచిది కాదు, ఆ ఊదడమూ మంచిది కాదు, వాటివల్ల తెలిసేదీ ఏమీ లేదు. మనకు అంతకంటే మేలైన పరీక్షలు ఊళ్ల పేర్లలో, దేవతల పేర్లలో సిద్ధంగా ఉన్నాయి. దగ్గరగా పట్టుకుని "భద్రకాళి" అనండి. ఆ భకారపు గాలి గుద్దు మైకు ఆపుతుందో, బాక్సులో బాంబులా పేలుతుందో తెలిసిపోతుంది. "బమ్మెర పోతన భాగవతం" అంటే పెదవులతో పలికే అక్షరాలు వరసకట్టి వస్తాయి. లోపలి స్పాంజి ఉన్నదీ ఊడిపోయిందీ ఆ ఒక్క ముక్కతో తేలుతుంది. "సమ్మక్క సారలమ్మ" అన్నప్పుడు సకారం చెవిని కోస్తే ఆ మైకు మీ గొంతుకు పనికిరాదు, లేదా మిక్సర్ మీద ట్రెబుల్ తగ్గించాలి. దుకాణంలో ఈ మూడూ పలికితే దుకాణదారు కూడా దండం పెట్టి పది రూపాయలు తగ్గించవచ్చు.

మైకుతో ఎంత దూరంలో ఉండాలన్నది దాని ధర కంటే పెద్ద విషయం. మూతికి దగ్గరయ్యే కొద్దీ ఈ రకం మైకుల్లో కింది స్వరాలు బలిసిపోతాయి. దూరమయ్యే కొద్దీ గొంతు పల్చనవుతుంది. ఈ గుణాన్ని మిమిక్రీ కళాకారులు పొలం హద్దుల కంటే కచ్చితంగా వాడుకుంటారు. గంభీరమైన పాత్రకు మైకు మీదికి వంగుతారు, పసిపిల్ల గొంతుకు మొహం పక్కకు తిప్పుతారు. 1932లో మన వరంగల్ మట్టెవాడలో పుట్టి, 1971లో ఐక్యరాజ్యసమితిలోనూ ప్రదర్శన ఇచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు ఇది. ఒక మనిషి, ఒక మైకు, వంద గొంతులు. 2001లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరున్న ఊళ్లో ఇవ్వాళ కరోకే గాయకుడు మైకును కడుపు దగ్గర పట్టుకుని, వినపడతలేదని సౌండ్ అన్నకు సైగ చేసి, సౌండ్ అన్న గెయిన్, అంటే మైకు వినికిడి, పెంచగానే కూయ్ మనిపించి, "ఎకో పెంచన్నా" అని ముగిస్తున్నాడు. ఎకో పెంచితే తప్పులు మూడుసార్లు వినిపిస్తాయని అతనికి ఎవరైనా చెప్పాలి.

వైరు విషయంలో నా అభిప్రాయం దృఢమైనది, రాజకీయమైనది కూడా. ట్రాలీ స్పీకరుతో ఉచితంగా వచ్చే వైర్‌లెస్ మైకు చరణం మధ్యలో బ్యాటరీ అయిపోయి మూగవోతుందన్నది చిన్న లోపం. పెద్ద లోపం, అది పట్టుకున్న పెద్దమనిషి ఎంత దూరమైనా పోగలడు. మాట్లాడుతూ మెట్లు దిగుతాడు, మాట్లాడుతూ బంతిలోకి పోయి అందరినీ పలకరిస్తాడు, మైకుతో సహా కారెక్కినవాళ్లూ లేకపోలేదు. వైరు ఉన్న మైకు పదిహేను అడుగుల దగ్గర ఆగుతుంది. వాక్ స్వాతంత్ర్యానికి ఇంతకంటే సహేతుకమైన పరిమితి రాజ్యాంగంలో కూడా దొరకదు. ఆ వైరు రెండు కొసలా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్ ప్లగ్గు ఉండేలా చూసుకోవాలి. రెండు తీగల్లో ఒకే సంకేతం తిరగేసి నడుస్తుంది గనుక దారిలో సీరియల్ లైట్ల నుంచి చేరిన గుర్రుమనే చప్పుడు చివర్లో దానంతటదే చెల్లిపోతుంది. ఒక కొసన పీ-38 అనే ఒంటి పిన్ను జాకు ఉన్న చవక వైరుకు ఈ సుగుణం లేదు.

స్విచ్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా? ఎస్ఎం58లో రెండూ దొరుకుతాయి. స్విచ్ ఉంటే పెద్దమనిషి తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని ఆపి ఇస్తాడు, గాయకుడు పల్లవి మొత్తం మూకాభినయం చేస్తాడు. స్విచ్ లేకపోతే పెద్దమనిషి ఆపడు. నేను స్విచ్ వైపే మొగ్గుతాను, కొంత ఆశతో.

కాలం కూడా లెక్కలోకి రావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. కార్డు మీద 7 గంటలకు అని వేసిన ప్రోగ్రాం తొమ్మిదింటికి మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానాలు, ఆహ్వానం మరిచిపోయినవాళ్లకు క్షమాపణలు, శాలువాలు, శాలువాలు అందనివాళ్లకు మళ్లీ క్షమాపణలు. తొమ్మిదీ నలభైకి గాయకుడు గొంతు సవరించుకుంటాడు. "రెండే రెండు ముచ్చట్లు" అని ఒకరు లేస్తారు. పది కాకముందే పోలీసుల బండి గేటు దగ్గర నిలబడుతుంది. గాయకుడి వాటా ఆరేడు నిమిషాలు. అంతసేపటికి పదివేల మైకు వాడడం ఆర్థికంగా సమర్థనీయమేనా అని కామర్స్ అధ్యాపకులు ఆలోచించాలి.

అన్నీ తూచి చూశాక నేను సిఫారసు చేసేది ఇది. రెండు మైకులు కొనండి. చవకదానికి బంగారు రంగు టేపు చుట్టి, మెడలో ఎర్ర రిబ్బను కట్టి, స్టాండు మీద దర్జాగా నిలబెట్టండి. అది అతిథులది. మంచిదాన్ని పాత తువ్వాలలో చుట్టి సంచిలో అడుగున పెట్టుకోండి, మీ ఆరు నిమిషాలు వచ్చినప్పుడే తీయండి. ఈ ఏర్పాటు గత సీజన్‌లో అమలు చేసిన ఒక సోదర కళాకారుడు సత్ఫలితాలు వచ్చాయని చెప్పాడు, రెండో పాట దాకా.

"ఏం తమ్మీ, నీ మైకు మస్తు పలుకుతున్నది గదా! గా రిబ్బన్‌ది నువ్వు తీస్కో, గిది ఇటియ్యి. రెండే ముచ్చట్లు."