మా పిన్ని చెప్పిన మొగలిరేకులు

ముందే చెప్పేస్తున్నా. మొగలిరేకులు సీరియల్ అభిమానులకి ఈ పోస్టు చివరికొచ్చేసరికి ఒళ్లు మండొచ్చు. మండితే తిట్టండి. కాకపోతే మొత్తం చదివి తిట్టండి.

వారానికి ఒకసారైనా నా ఫీడ్‌లోకి ఒక ఫొటో వస్తుంది. ఖాకీ యూనిఫాంలో ఆ సీరియల్ పోలీసు ఆర్.కె. నాయుడు. పైన "సీరియల్ అంటే ఇదీ, ఇప్పుడొచ్చేవీ సీరియళ్లేనా" అని రాసుంటుంది. కింద జనం ఒకటే కన్నీళ్లు. "గోల్డెన్ డేస్ అన్నా" అని ఒకడు, "టైటిల్ సాంగ్ వింటే ఇప్పటికీ రోమాలు లేస్తాయి" అని ఇంకొకడు. నేనూ చాలాసార్లు లవ్ సింబల్ కొట్టినవాణ్ణే. మొన్న ఆదివారం మధ్యాహ్నం, బయట బెజవాడ ఎండకి రోడ్డు మీద కుక్క కూడా లేని టైములో, సరే ఒకసారి చూద్దాం అని యూట్యూబ్‌లో వెతికి ఒక ఎపిసోడ్ పెట్టా.

ఏదో ఒకటి కాదు. పన్నెండు పదమూడేళ్లుగా నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్న ఎపిసోడ్. నాయుడు ఆ ఇంటి హాల్లోకి వస్తాడు. అందరూ బిగుసుకుపోతారు. టోపీ తీసి టేబుల్ మీద విసిరికొడతాడు. ఆ ఊపుకి మంచినీళ్ల గ్లాసు దొర్లి, నీళ్లు టేబుల్ అంచు దాకా పాకి, చుక్కచుక్కగా కింద పడుతుంటాయి. అప్పుడంటాడు: "ఒంటి మీద యూనిఫాం ఉంది కాబట్టి తలుపు కొట్టి వచ్చా. లేకపోతే తలుపే ఉండేది కాదు." నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో హాస్టల్ గదుల తలుపుల దగ్గర ఈ డైలాగు ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు.

ఎపిసోడ్ దొరికింది. నాయుడు వచ్చాడు. నిలబడ్డాడు. కెమెరా అతని ముఖం మీదకి, అక్కణ్ణుంచి హాల్లో ఉన్న ఒక్కొక్క ముఖం మీదకి, మళ్లీ అతని ముఖం మీదకి వెళ్లింది. రెండు ముక్కలు మాట్లాడాడు. వెళ్లిపోయాడు.

టోపీ విసరలేదు. గ్లాసు లేదు. డైలాగు అసలే లేదు.

ఇది కాదేమో, తర్వాతదేమో అనుకుని ముందు రెండు, వెనక రెండు ఎపిసోడ్లు ఒకటిన్నర స్పీడులో చూశా. ఎక్కడా లేదు. అప్పుడు నెమ్మదిగా వెలిగింది. నేను ఆ ఎపిసోడ్ చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. విన్నాను.

2012లో కరెంటు ఎట్టా ఉండేదో ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు, ఇళ్లకి చెప్పి తీసే కోత కొంత, చెప్పకుండా తీసే కోత ఇంకొంత. మేం అప్పుడు సత్యనారాయణపురంలో ఒక పోర్షన్లో అద్దెకుండేవాళ్లం. సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకి కరెంటు పోయేది. మా అమ్మ కోతనైతే భరించేది గానీ ఆ టైమింగుని భరించలేకపోయేది. "కావాలని తీస్తన్నారు, వాళ్లింట్లో చూసుకుంటా మనకి తీస్తన్నారు" అని ఆవిడ గట్టి నమ్మకం.

మా పిన్ని ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. ముప్పై అయిదు కిలోమీటర్లు ఉంటుందేమో. అక్కడ కోత టైము వేరు. మాకు పోయినప్పుడు వాళ్లకి ఉండేది, వాళ్లకి పోయినప్పుడు మాకుండేది. ఇంకేముంది. ల్యాండ్‌లైన్‌కి మనింటి కరెంటుతో పని లేదు, కావాల్సింది ఎక్స్ఛేంజీ నుంచే తీగలో వస్తుంది. ఇక్కడ కొవ్వొత్తి వెలుగులో మా అమ్మ గుమ్మం దగ్గర చాప వేసుకుని, ఒక చేత్తో విసనకర్ర, ఇంకో చేత్తో రిసీవరు. అక్కడ పిన్ని టీవీ ముందు.

టైటిల్ సాంగ్ వచ్చేటప్పుడు పిన్ని రిసీవర్ని టీవీకి ఆనించి పట్టుకునేది. అమ్మ ఇక్కడ రిసీవర్ని చెవికి కాస్త ఎడంగా పెట్టేది, నాక్కూడా వినిపించాలని. నాకోసమని మాత్రం ఒప్పుకునేది కాదు, నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు. మగపిల్లాడు సీరియల్ వింటున్నాడంటే పరువేం కావాలి? కొవ్వొత్తి దగ్గర మ్యాథ్స్ పుస్తకం తెరిచి పెట్టుకుని ఆ పేజీ తిప్పకుండా గంట కూర్చునేవాణ్ణి.

"అక్కా, వచ్చాడక్కా!"

"ఎవడే?"

"నాయుడు! యూనిఫాంలో వచ్చాడు."

"ఏమన్నాడు?"

"ఇంకా ఏం అన్లా. చూస్తన్నాడు."

"ఎవర్ని?"

"అందర్నీ. ఒక్కొక్కళ్లనే చూస్తన్నాడు. అమ్మో ఆ చూపు... ఉండక్కా, యాడ్ వచ్చింది. పులుసు పొయ్యి మీదుంది, చూసొస్తా."

ఆ యాడ్లలోనే మా వంశం వ్యవహారాలన్నీ తేలాయి. మామయ్య కూతురి సంబంధం, తెనాలి దగ్గర స్థలం అమ్మాలా ఉంచాలా, ఆ ఏడు మిర్చి రేటు, అన్నీ. మా అక్క పెళ్లి ముహూర్తం ఒక యాడ్లో మొదలై ఇంకో యాడ్లో ఖాయమైంది. మధ్యలో నాయుడు వచ్చి వెళ్లాడు.

కథ అమ్మ దగ్గర ఆగేది కాదు. పక్క పోర్షన్ ఆంటీకి ఫోన్ లేదు. ఆవిడ చీకట్లో పిట్టగోడ అవతల నుంచి, "ఏమైందండీ, వచ్చాడా?" అని అడిగేది. అమ్మ రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆవిడకి ఒక ముక్క విసిరేది. మర్నాడు పొద్దున కుళాయి దగ్గర ఆంటీ మిగతా వాళ్లందరికీ పూర్తి కథ చెప్పేది, తను కళ్లారా చూసినట్టే. బిందెలు నిండి పొర్లిపోతున్నా పట్టించుకునేవాళ్లు కాదు. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని అక్కడే తచ్చాడేవాణ్ణి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. "పాత సీరియళ్లు బంగారం, ఇప్పటివి చెత్త" అని రాసేవాళ్లలో ఎంతమంది మళ్లీ చూసి రాస్తున్నారు? నేను ఆ ఆదివారం అయిదు ఎపిసోడ్లు చూశాను కదా, ఉన్నదున్నట్టు చెప్తా. సాగదీత అప్పుడూ ఉంది. నిన్నటి ముక్క మళ్లీ చూపించడం ఉంది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య కాఫీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగేంత ఖాళీ ఉంది. అలా అని తీసిపారేయనూ లేను. మాట మామూలుగా ఉంది. మనుషులు మనిళ్లలో మాట్లాడుకున్నట్టు, కొంచెం గొంతు తగ్గించి మాట్లాడతారు. కోపం వచ్చినవాడు కోపంగా ఉంటాడు, వెనకాల పది డప్పులు వాడికి సాయం రావు. దర్శకురాలు మంజులా నాయుడు దూరదర్శన్లో ఋతురాగాలు చేసినప్పటి నుంచీ ఆవిడ చేతిలో ఆ నిదానం ఉంది. 2003లో జెమినీలో మొదలైన చక్రవాకంలోనూ ఉంది, దాని తర్వాత 2008 నుంచి 2013 దాకా నడిచిన మొగలిరేకుల్లోనూ ఉంది. సాగర్ ఇటు మున్నాగా, అటు ఆర్.కె. నాయుడుగా రెండు పాత్రలు చేస్తే, ఆ రెండో పేరు అతని పేరుకే అతుక్కుపోయింది. ఊరికే అతుక్కోదు కదా. మధ్యలో యూట్యూబ్ ఇంకో ఎపిసోడ్ చూపించింది, బొమ్మలో దయ అనే పాత్ర వేసిన పవిత్రనాథ్. 2024లో పోయాడాయన. కాసేపు ఏమీ నొక్కకుండా అలాగే చూస్తూ ఉండిపోయా.

కానీ అయిదేళ్లపాటు వారానికి అయిదు రోజులు తీస్తే ఏ మహానుభావుడికైనా సాగదీయక తప్పదు. అరగంట స్లాటులో యాడ్లు పోను మిగిలేది ఇరవై నిమిషాలు. మొగలిరేకులు ఎపిసోడ్లు 1300 పైనే. ఇరవై నిమిషాల చొప్పున లెక్కేసుకోండి, నిద్రాహారాలు మాని కూర్చున్నా పద్దెనిమిది రోజులు పడుతుంది. కురుక్షేత్రమే పద్దెనిమిది రోజుల్లో అయిపోయింది, అన్ని అక్షౌహిణులు పెట్టుకుని.

ఇప్పటివాటిని తిట్టేవాళ్లు "అన్నీ రీమేకులే" అంటారు. కార్తీకదీపం మలయాళం కరుత్తముత్తుకి రీమేక్, నిజమే. మరి మన రోజుల్లో చిన్నారి పెళ్లికూతురు ఏంటి? హిందీ బాలికా వధుకి డబ్బింగు. పెదాలొకటి అంటుంటే మాటొకటి వినిపించేది, అయినా ఊరంతా చూసింది. ఇక కార్తీకదీపంలో వంటలక్క కోసం జనం ఎంత కొట్టుకుపోయారో చూశాం కదా. మా ఆఫీసులో ఒకతను అందులోని డాక్టర్ బాబు మీద నిజంగానే కోపం పెట్టుకుని, ఎదురుగా ఉంటే నాలుగు దులిపేసేవాడిలా మాట్లాడేవాడు. కాబట్టి "అప్పుడు జనాన్ని కట్టిపడేశాయి, ఇప్పుడు లేదు" అన్న మాట నేనొప్పుకోను.

నేను గొడవపడేది వేరే దాని గురించి. ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఎపిసోడ్ చెప్పరు. చెప్పాల్సిన పనే లేదు. మిస్సయితే ఫోన్లో ఉంది. బోరు కొడితే స్పీడు పెంచొచ్చు. మా అమ్మ హాల్లో టీవీలో చూస్తుంది, మా ఆవిడ బెడ్రూంలో టాబ్లో ఇంకేదో చూస్తుంది, నేను బాల్కనీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకేదో. ముగ్గురం మూడు కథలు చూసి అన్నానికి కూర్చుంటే మాట్లాడుకునేది కూరలో ఉప్పు గురించి. "బాగుందా?" "ఆఁ, పర్లేదు." అంతే. మా పిన్ని అయితే ఆ "పర్లేదు" ఎపిసోడ్ని నలభై నిమిషాలు చెప్పేది.

ఇది మన తెలుగువాళ్ల పిచ్చి మాత్రమే కాదు. అమెరికాలో డల్లాస్ అని ఒక సీరియల్ వచ్చేది. 1980 మార్చి 21న ఒక ఎపిసోడ్ చివర జె.ఆర్. అనేవాణ్ణి ఎవరో తుపాకీతో కాల్చారు. ఎవరో చెప్పకుండా ఆపేశారు. మామూలుగానే సెలవుల తర్వాత గానీ రాదు, దానికి తోడు నటుల సమ్మె వచ్చిపడింది. కాల్చింది ఎవరో తెలిసేసరికి నవంబరు 21. ఈ సంగతి మా అమ్మకి చెప్పా. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఎనిమిది నెలలా? అన్నాళ్లూ ఏం మాట్లాడుకున్నార్రా వాళ్లు?" అంది.

ఏం మాట్లాడుకున్నారో నేను ఊహించగలను. బ్రాడీపేటలో మాట్లాడుకున్నదే. ఎవడు కాల్చుంటాడు, ఎందుక్కాల్చుంటాడు, నేనైతే ఎట్టా కాల్చేదాన్ని.

సరే, లేని గ్లాసు సంగతి తేల్చాలి కదా. ఆదివారం సాయంత్రం పిన్నికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టా. పక్కన అమ్మ.

"పిన్నీ, నాయుడు హాల్లోకొచ్చి టోపీ విసిరికొట్టిన ఎపిసోడ్ గుర్తుందా?"

"ఎందుకు లేదు! విసిరితే గ్లాసు దొర్లింది."

"అందులో టోపీ విసరలేదు పిన్నీ. గ్లాసే లేదు. ఇప్పుడే చూశా."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "టోపీ నేనే చెప్పానురా. వాడు అంత కోపంగా చూస్తా ఊరికే నిలబడితే మీ అమ్మకి ఏం చెప్పను? పావుగంట నుంచి చూస్తన్నాడు, చూస్తన్నాడు అంటన్నా. ఫోన్ బిల్లన్నా గిట్టుబాటు కావద్దా? అందుకని టోపీ విసిరించా. గ్లాసు మాత్రం నేను పెట్టలా. అది మీ అమ్మ పెట్టింది" అంది.

"నేనెందుకు పెడతానే!" అని అమ్మ ఒక్కసారి లేచింది. "నువ్వు చెప్పిందే నేను గోడవతలికి చెప్పా. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఆ ముక్క కోసేసుంటారు. వాళ్లకేం తెలుసు ఏది ఉంచాలో ఏది తీయాలో."

"కొయ్యలేదమ్మా. ముందూ వెనకా కూడా చూశా."

"అయితే నువ్వు సరిగ్గా చూళ్లేదు. స్పీడు పెంచి చూస్తే గ్లాసులు కనపడతాయా?"

ఇద్దరూ కలిసి ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. మధ్యలో మా చిన్నాయన షుగరు, పిన్ని మోకాళ్లు, శంకర్ విలాస్ దగ్గర ట్రాఫిక్కు వచ్చి వెళ్లాయి. చివరికి తేలిందేంటంటే టోపీ పిన్నిది. గ్లాసు మా అమ్మదే, దొర్లించింది ఆవిడే, ఒప్పుకోదు. నీళ్లు చుక్కచుక్కగా కారడం బహుశా నాది. ఆ రాత్రి కుండ కింద గిన్నెలో పడే చుక్కల చప్పుడు అక్కడికి చేరిందేమో.

డైలాగు మాత్రం ఎవరిదో తేల్లేదు. పిన్ని తనది కాదంది. అమ్మ తనకంత తెలివి లేదంది. నా సొంతం అయ్యే చాన్సే లేదు, ఆ వయసులో నాకు "హాయ్" తర్వాత ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఇక మిగిలింది పక్క పోర్షన్ ఆంటీ ఒక్కతే. ఆవిడ ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటోందట. నంబరు కనుక్కునే పనిలో ఉన్నా.