ట్రాంగ్ కథ 1998 నుంచి చెప్పాలి
చెస్ క్రీడాకారిణి హోవాంగ్ థాన్ ట్రాంగ్‌పై మీ వ్యాసం బాగుంది, కానీ 2013లో యూరప్ మహిళల ఛాంపియన్ అయిన దగ్గర మొదలుపెట్టడం నచ్చలేదు. హనోయ్‌లో పుట్టిన ఆమె చిన్నప్పుడే కుటుంబంతో హంగరీ వెళ్లినా, ఏళ్ల తరబడి వియత్నాం తరఫునే ఆడింది. 1998లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచిందీ వియత్నాం జెండా కిందే, అదీ మన దేశంలో, కోళికోడ్‌లో! మూడేళ్లకు అదే టైటిల్ మన కోనేరు హంపి కొట్టింది. 2000లో ట్రాంగ్ ఆసియా మహిళల ఛాంపియన్ కూడా. రెండు ఖండాల కిరీటాలు ఎంతమందికి దక్కుతాయి? 2007లో వచ్చింది మహిళలకు విడిగా ఇచ్చే టైటిల్ కాదు, ఆడా మగా అందరికీ ఒకటే అయిన గ్రాండ్‌మాస్టర్ టైటిలే, ఒక్క పాయింటు సడలింపు లేకుండా. దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. దయచేసి కోళికోడ్ టోర్నీ మీద విడిగా రాయండి, ఎత్తులతో సహా.