సవరణ: రెండర్డ్ గురించి మొన్న రాసినదాంట్లో తప్పు

జేఎస్ఎఫ్ (జావాతో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) పేజీలో డేటా టేబుల్ వరుసల లోపల ఒక బటన్‌ని షరతు మీద చూపించాలంటే రెండర్డ్ (ఆ భాగాన్ని చూపించాలా వద్దా అని చెప్పే rendered ఆట్రిబ్యూట్) పనిచేయదు, సీ-ఇఫ్ (షరతు నిజమైతేనే లోపలున్నదాన్ని పేజీలో చేర్చే c:if) ట్యాగే వాడాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, నిజానికి పూర్తిగా తలకిందులు.

సీ-ఇఫ్ అనేది పేజీలోని కాంపొనెంట్ల (బటన్, టేబుల్ లాంటి భాగాల) చెట్టు కట్టేటప్పుడే నడుస్తుంది. అప్పటికి టేబుల్ ఒక్క వరుస కూడా తిప్పి ఉండదు కాబట్టి వరుస వేరియబుల్ (ప్రస్తుత వరుస డేటాని సూచించే పేరు) ఖాళీగానే ఉంటుంది, షరతు ఏ వరుసకీ విడిగా తేలదు, మామూలుగా అబద్ధమే అవుతుంది, ఎర్రర్ కూడా రాదు (అదే అసలు చిరాకు). రెండర్డ్‌ని మాత్రం ప్రతి వరుసకీ విడిగా లెక్కిస్తారు. ఒక సీనియర్ డెవలపర్ చెప్పాక జేఎస్ఎఫ్ డాక్యుమెంటేషన్‌లో చూసి సరిచూసుకున్నాను.

మరి నాకు రెండర్డ్ ఎందుకు పనిచేయనట్టు కనిపించిందంటే, అజాక్స్‌తో (పేజీ మొత్తం మళ్లీ లోడ్ చేయకుండా కొంత భాగాన్నే మార్చే పద్ధతి) నేరుగా ఆ దాగిన కాంపొనెంట్ ఐడీనే అప్‌డేట్ చేయమన్నాను. రెండర్డ్ ఫాల్స్ అయితే హెచ్‌టీఎంఎల్‌లో దాని ఆనవాలే ఉండదు, బ్రౌజర్ దేన్ని మార్చాలి? ఎప్పుడూ కనిపించే, వేరే కాంపొనెంట్లని చుట్టి ఉంచే ఒక ప్యానెల్ గ్రూప్‌కి ఐడీ ఇచ్చి, దాని లోపల ఈ కాంపొనెంట్‌ని పెట్టి, ఆ గ్రూప్‌ని అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.