ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండదనా?

మొన్న సూర్యాపేట దాటాక ఒక పెట్రోల్ ట్యాంకర్ వెనక చాలాసేపు ఇరుక్కుపోయాం. దాని వెనకాల ఎర్ర అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసుంది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి అది చదివి, “నాన్నా, కరెక్ట్ అంటే ఒప్పు, ఇన్‌కరెక్ట్ అంటే తప్పు కదా, ఫ్లేమ్ అంటే మంట, మరి ఇది అస్సలు మండదన్నమాట” అంది. నవ్వొచ్చింది గానీ, తనకి నేర్పిన లెక్క ప్రకారం తను చెప్పింది ఒప్పే.

మన బళ్లలో ప్రిఫిక్స్ (మాట ముందు చేరే ముక్క) పాఠం అంటే ఒక పట్టిక. ఇన్, ఇమ్, ఇల్, ఇర్ అన్నీ ‘కాదు’ అనే అర్థానికే అని బట్టీ పట్టిస్తారు, బిట్ పేపర్లో మార్కులొస్తాయి, అక్కడితో సరి. అసలు సంగతేమిటంటే లాటిన్ నుంచి ఇంగ్లీషుకొచ్చిన ‘ఇన్’ ఒకటి కాదు, రెండు. ఒకటి మన అన్యాయం, అనంతం లాంటి మాటల ముందుండే ‘అ’, ‘అన్’లకి దగ్గరి చుట్టం. రెండోది ‘లోపలికి’ అని చెప్పే ఇన్. చూడ్డానికి కవల పిల్లలు, పుట్టిన ఇళ్లు మాత్రం వేరు. పైగా జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు అయినట్టు, పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి ఈ రెండూ ఒకేలా మారిపోతాయి. ఇంపాజిబుల్‌లో ఉన్నది ‘కాదు’, ఇంపోర్ట్‌లో ఉన్నది ‘లోపలికి’. ఇల్లీగల్‌లో ఒకటి, ఇల్యూమినేషన్‌లో ఇంకొకటి. ఇర్రెగ్యులర్ సరే, మరి ఇరిగేషన్? అది పొలంలోకి నీళ్లు పెట్టడం. పట్టికని నమ్ముకుంటే దాని అర్థం నీళ్లు ఇవ్వకపోవడం అని తేలుతుంది (కొన్ని కాలవల చివరి భూముల్లో అదే నిజమనుకోండి, అది వేరే కథ).

ఇన్‌ఫ్లేమబుల్‌ది ఈ రెండో ఇన్నే. లాటిన్‌లో ఇన్‌ఫ్లమ్మారే అంటే నిప్పంటించడం. డాక్టర్ ‘ఇన్‌ఫ్లమేషన్ ఉంది’ అన్నప్పుడు మంట లేదని ఎవరూ సంతోషపడరు, ఎందుకంటే అక్కడ మనకి వాపు కనిపిస్తోంది, నొప్పి తెలుస్తోంది. ఒంట్లో బాధకీ పొయ్యిలో నిప్పుకీ మనమూ ఒకే మాట వాడతాం, మంట అని. అంటే ఆలోచన మనకి కొత్తది కాదు. తేడా అంతా పదాన్ని ఎక్కడ విరిచామన్న దాంట్లో ఉంది. ఇన్‌ఫ్లేమ్ దగ్గర విరిచి, దానికి ఏబుల్ తగిలిస్తే ‘అంటుకోగలది’. ఇన్ దగ్గర విరిచి మిగతాది ఫ్లేమబుల్ అనుకుంటే ‘అంటుకోనిది’. ఒకే అక్షరాలు, చావుకీ బతుకుకీ ఉన్నంత తేడా. ఇన్‌హ్యాబిటబుల్ కూడా అంతే. ఇంగ్లీషులో అది ఉండటానికి వీలైన చోటు, అవే అక్షరాలతో ఫ్రెంచ్‌లో రాస్తే ఉండటానికి పనికిరాని చోటు. సమాసం విడగొట్టడం చిన్నప్పటి నుంచీ నేర్పే మనకి ఇది పది నిమిషాల పాఠం, కానీ ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టరు, తెలుగు పీరియడ్ సంగతి ఇంగ్లీషు పీరియడ్‌లోకి రాకూడదన్నట్టు.

ఇన్‌వాల్యుబుల్ విషయంలో మన పిల్లలు తడబడితే మాత్రం నాకు నిజంగా బాధ. విలువ లేనిది అని రాసేస్తారు. అక్కడున్నది ‘కాదు’ అనే ఇన్నే, కానీ వెల కట్టలేనిది అని దాని భావం. అచ్చంగా మన ‘అమూల్యం’. ‘మీ అమూల్యమైన ఓటు’ అని ప్రతి ఎన్నికకీ మైకుల్లో వింటూ కూడా ఆ పోలిక తట్టదు. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరున్నవాడు.

ఇంగ్లీషుని ఆడిపోసుకోవడానికి మనకేం హక్కు లేదు లెండి. ‘ఆమరణ నిరాహార దీక్ష’లో ఆ దీర్ఘానికి ‘వరకు’ అని అర్థం, మరణం వరకు. దీర్ఘం ఎగిరిపోయి ‘అమరణ’ అయిందంటే చావే లేదని అర్థం వస్తుంది. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు మొదలుపెట్టిన దీక్ష డిసెంబర్ 15న ఆయన ప్రాణంతోనే ముగిసింది. అలాంటి మాటని ఫ్లెక్సీల మీద దీర్ఘం లేకుండా కొట్టించేవాళ్లని చూశాను.

తెలుగు పొరపాటు ఫ్లెక్సీతో పోతుంది, ట్యాంకర్ మీది మాట తప్పుగా అర్థమైతే నిప్పుతో చెలగాటం. అందుకే అమెరికాలో అగ్ని ప్రమాదాల నివారణకి పనిచేసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ 1920ల్లోనే, ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అని రాయండి అని చెప్పడం మొదలుపెట్టింది. పండితులు మొహం చిట్లించినా పరిశ్రమ విన్నది. భాష మన ఆలోచనని ఎలా నడిపిస్తుందో రాసిన బెంజమిన్ వోర్ఫ్ కూడా ఉద్యోగరీత్యా అగ్ని ప్రమాద బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరే. ‘ఖాళీ’ పెట్రోల్ డ్రమ్ములంటే ఏమీ లేదనుకుని జనం వాటి దగ్గర సిగరెట్లు తాగుతారని, నిండు డ్రమ్ముల కంటే ఆవిరి నిండిన ఆ ఖాళీవే ప్రమాదమని ఆయన గమనించాడు.

మనదగ్గర 1934 పెట్రోలియం చట్టంలో పెట్రోలియం నిర్వచనం ఇన్‌ఫ్లేమబుల్ అనే మాటతోనే రాశారు, 1952లో వచ్చిన చట్టం పేరే ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్. చట్టాల్లో ఉంటే ఉండనీ, వాటిని చదివేది లాయర్లు. ట్యాంకర్ వెనకాల చదివేది బైకు మీద పోయేవాడు, దాబా దగ్గర బీడీ ముట్టించే క్లీనర్, ఏడో తరగతి పిల్ల. మేము చూసిన ట్యాంకర్ మీద ఇంగ్లీషు కింద హిందీలోనూ ఒక లైను ఉంది. నల్గొండ, సూర్యాపేట మీదుగా రోజూ తిరిగే ఆ బండి మీద ‘నిప్పు తగిలితే అంటుకుంటుంది’ అని తెలుగులో రాయడానికి ఖాళీ బోలెడంత కనిపించింది.