వాగు దంచిన మట్టి ఎంతో, కుండలూ అన్నే

జపాన్‌లోని క్యూషూ దీవిలో, హితా పట్టణానికి ఎగువన కొండల నడుమ ఉన్న సరాయమా పల్లెకు వెళ్లినవారికి ఇళ్లకన్నా ముందు ఒక చప్పుడు ఎదురవుతుంది. వాగు ఒడ్డున కరౌసులు, అంటే నీటితో నడిచే రోకళ్లు, రేయింబవళ్లు మట్టిని దంచుతూనే ఉంటాయి. మన ఏతాం మానును తలపించే దూలానికి ఒక కొసన తొట్టిలా తొలిచి ఉంటుంది. అది వాగునీటితో నిండి కిందికి వాలుతుంది, నీళ్లు ఒలికిపోగానే తేలికై పైకి లేస్తుంది, ఆ క్షణంలోనే రెండో కొసన ఉన్న రోకలి దబ్బున మట్టిమీద పడుతుంది. కొండలో తవ్వి తెచ్చిన గట్టి మట్టి ఇలా వారాల తరబడి నలిగితే తప్ప సారె మీదికి ఎక్కదు. ఈ పల్లెలో ఒంతా పేరుతో సాగే కుండల పని ఇంతకాలం నిలవడానికి కారణం ఈ నిదానమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1705లో ఈ పని మొదలవడం, 1931లో జపాన్ జానపద కళల ఉద్యమకారుడు యనగి సోయెత్సు, 1954లో బ్రిటిష్ కుమ్మరి కళాకారుడు బెర్నార్డ్ లీచ్ రాకతో దానికి పేరు రావడం, 1995లో జాతీయ గుర్తింపు దక్కడం చేతిపనులపై ఆసక్తి ఉన్నవారికి తెలిసిన విషయాలే. పేరొచ్చాక, గిరాకీ పెరిగాక ఆ పల్లె ఏం చేయలేదన్నదే అసలు విశేషం. అక్కడ మట్టి దంచడానికి కరెంటు యంత్రం పెట్టలేదు, కాలితో తిప్పే సారెను వదల్లేదు, పనివాళ్లను జీతానికి తెచ్చుకోలేదు. పది దాకా ఉన్న కుటుంబాలు మట్టిని కలిసి తవ్వి సమానంగా పంచుకుంటాయి. తిరుగుతున్న గిన్నెకు వంచిన ఉక్కుబద్ద ఆనించి, అది ఎగిరెగిరి పడుతుంటే తెల్లపూత మీద చిన్నచిన్న గాట్ల వరుసలు తీర్చే చేయి ఎంత నేర్పరిదైనా, పాత్ర అడుగున ఆ మనిషి పేరు ఉండదు. వాగు ఎంత దంచితే అంతే మట్టి, మట్టి ఎంతుంటే అన్నే కుండలు.

అక్కడ తండ్రి పని కొడుక్కే దక్కుతుంది; ఈ ఏర్పాటు బయటివారికి తలుపు మూసేదేనన్న విమర్శలో న్యాయముంది. కులవృత్తి పేరుతో మనుషులను కట్టిపడేసిన చరిత్ర మనది కాబట్టి వారసత్వ నియమాన్ని నేను సమర్థించను. నేను సమర్థించేది ముడిసరుకు దగ్గర గీసుకున్న హద్దును మాత్రమే.

మన చేతివృత్తుల విధానంలో లేనిది ఆ హద్దే. భౌగోళిక గుర్తింపు ఇస్తాం, ప్రదర్శనల్లో స్టాళ్లు పెంచుతాం, ఆన్‌లైన్ అమ్మకాల గురించి మాట్లాడతాం. కొండపల్లి బొమ్మకు ప్రాణమైన తెల్ల పొణికి కర్ర మాత్రం కళాకారుడే వెతుక్కోవాలి. పొణికి చెట్టు ఎన్నేళ్లకు కోతకు వస్తుంది, ఏడాదికి ఎన్ని కొట్టవచ్చు, కొట్టినచోట ఎన్ని నాటాలి అన్న లెక్క ముందు తేల్చి, ఆ లెక్కను బొమ్మలు చేసేవారి చేతికే అప్పగించాలి. ఎన్ని స్టాళ్లు కావాలో ఆ తర్వాత వారే చెబుతారు.