ఇంట్లోవాళ్లకు చెప్పారా?

డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు అవయవదాతగా ఉంటారా అని అడిగితే సరేనని టిక్ పెట్టి వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. మంచి పని. మరి ఆ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసా? నా ఆందోళన అంతా దీని గురించే.

ఇంట్లో కన్నుమూసినవాళ్ల గుండె, కాలేయం మరొకరికి అమర్చడానికి పనికిరావు. వాటిని ఎక్కువగా తీసుకునేది ప్రమాదంలో తలకు దెబ్బ తగిలో, మెదడులో రక్తనాళం చిట్లో ఐసీయూలో బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి, అంటే మెదడు ఇక తిరిగి కోలుకోకుండా పూర్తిగా ఆగిపోయినవాళ్ల నుంచి. నిన్నటిదాకా బాగున్న మనిషి. వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతూనే ఉంటుంది, చెయ్యి వెచ్చగానే ఉంటుంది. డాక్టరేమో ప్రాణం పోయిందంటారు. అప్పుడు భార్యనో కొడుకునో కూర్చోబెట్టి "ఆయన ఉద్దేశం ఏమిటి?" అని అడుగుతారు. ఎప్పుడూ విననివాళ్లు వద్దనేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. విదేశాల్లో ఉంటున్న మన కుటుంబాల్లో ఇంకో చిక్కుంది. అమ్మానాన్నలు వేరే దేశంలో, ఫోన్లో ఉంటారు. భార్య సరేనని, అత్తమామలు వద్దంటే, ఆ మాటల బరువు ఆమె జీవితాంతం మోయాలి.

చట్టం అన్నిచోట్లా ఒకేలా లేదు. అమెరికాలో 18 ఏళ్లు నిండినవాళ్లు నమోదు చేసుకుంటే అది చట్టప్రకారం చెల్లే అనుమతి. ఇంగ్లండ్‌లో 2020 నుంచి వద్దని చెప్పని వయోజనులు చాలావరకు ఒప్పుకున్నట్టే లెక్క, అయినా కుటుంబంతో మాట్లాడాకే ముందుకు వెళ్తారు. ఇండియాలో అవయవాలు ఇస్తానని రాసిచ్చిన ప్రతిజ్ఞ కార్డు ఉన్నా దగ్గరి బంధువులు ఒప్పుకోకపోతే ఆసుపత్రులు సాధారణంగా అవయవాలు తీసుకోవు. ఒక దేశంలో చేసుకున్న నమోదు మరో దేశంలో పనిచేస్తుందన్న నమ్మకమూ లేదు. సెలవులకు వెళ్లినచోట ఏదైనా జరిగితే మన తరఫున చెప్పాల్సింది పక్కనున్నవాళ్లే.

మనవాళ్ల అవసరం కూడా పెద్దదే. దక్షిణాసియా మూలాలున్నవాళ్లలో బి బ్లడ్ గ్రూపు ఎక్కువ. కిడ్నీకి బ్లడ్ గ్రూపు, కణజాలం రెండూ కుదరాలి, అవి ఒకే మూలాలున్నవాళ్ల మధ్య కుదిరే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో మనలాంటివాళ్లు కిడ్నీ కోసం తెల్లవారికంటే ఎక్కువకాలం ఎదురుచూడటానికి ఇదొక కారణం.

దాత అని తెలిస్తే వైద్యం సరిగా చేయరేమోనని కొందరి భయం. మరణాన్ని నిర్ధారించే డాక్టర్లకు అవయవమార్పిడి బృందంతో సంబంధం ఉండదు. అవయవాలు తీశాక కుట్లువేసి, అంత్యక్రియలకు శరీరాన్ని అప్పగిస్తారు.

"అలాంటి మాటలెందుకురా ఇప్పుడు" అని అమ్మ అనొచ్చు. అందరూ బాగున్నప్పుడే కదా నిదానంగా మాట్లాడగలిగేది! ఏయే అవయవాలు ఇవ్వాలనుకుంటున్నారో, కళ్లు కూడానా, ఎవరి మాట చివరిది కావాలో స్పష్టంగా చెప్పండి. భార్యాభర్తల మధ్య అనుకుంటే సరిపోదు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు మీ నోటితోనే చెప్పండి. వాళ్ల ఉద్దేశమూ అడగండి. నేత్రదానానికి వయసు పెద్దగా అడ్డుకాదు, ఇంట్లో పోయినవాళ్ల కళ్లూ పనికొస్తాయి.