ముఖం చూసి స్టాంపింగ్

ముఖం చూసి బొట్టు పెట్టడం తప్పని మనవాళ్లంటారు. నేను ఒప్పుకోను. ముఖం చూడకుండా బొట్టు ఎక్కడ పెడతారు? హెచ్-1బి అంటే అమెరికాలో ఉద్యోగం చేసుకునే వీసా, స్టాంపింగ్ అంటే ఆ వీసాను పాస్‌పోర్టులో వేయించుకోవడం. ఆ స్టాంపింగ్‌లో అమెరికాకు వచ్చిన చిక్కల్లా ఇదే. ఒకసారి చూసిన ముఖాన్ని ఎన్ని నెలలు నమ్మవచ్చు? అంత పెద్ద దేశం ఈ ప్రశ్నతో కుస్తీ పడుతుంటే, సాయం చేయాల్సింది పోయి మనం రూల్స్ మారుతున్నాయని గోల చేస్తున్నాం. మర్యాద కాదు.

తెలియనివారి కోసం కాస్త చరిత్ర. పాత వీసా గడువు తీరి ఎక్కువ కాలం కాకపోతే ఇంటర్వ్యూ అక్కర్లేదు, కాగితాలు ఇచ్చి రావచ్చు అనేవారు. దాని పేరు డ్రాప్‌బాక్స్. ఎక్కువ కాలం అంటే ఎంత? ముందు 12 నెలలు. 2020లో 24. 2021లో 48. 2025 ఫిబ్రవరిలో మళ్లీ 12. అదే ఏడాది సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బి వాళ్లకు డ్రాప్‌బాక్సే లేదు, అందరూ వచ్చి ముఖం చూపించాల్సిందే. ఈ అయిదేళ్లలో నేను మారలేదు. అదే కంపెనీ, అదే ఉద్యోగం, నుదురు మాత్రం కాస్త పైకి జరిగింది. 2021లో నాలుగేళ్లు చెల్లిన ముఖం 2025లో ఒక్క రోజుకూ చెల్లలేదు. ముఖం చెల్లకపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు బోధపడింది.

మా అమ్మకు మాత్రం బోధపడలేదు. "అక్కడ ఉండటానికి పర్మిషన్ ఉందంటావు, వీసా అయిపోయిందంటావు. ఏది నిజంరా?" అంది ఫోన్లో. రెండూ నిజమే. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అనే రికార్డు ఉంటే ఉండటానికి చాలు, వీసా లోపలికి రావడానికి మాత్రమే. గడువు తీరిన వీసాతో అమెరికాలో ఏళ్ల తరబడి దర్జాగా ఉద్యోగం చేసుకోవచ్చు, పన్ను కట్టుకోవచ్చు. గడప దాటితేనే చిక్కు. పెళ్లికో, పెద్దవాళ్లను చూడటానికో ఊరొచ్చామంటే మళ్లీ కొత్త స్టాంపు పడాలి. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఎటూ కదలకు" అంది. ఇమ్మిగ్రేషన్ లాయరు ఫీజు తీసుకుని చెప్పింది కూడా ఇదే.

అక్కడే ఉండి రెన్యూవల్ చేయించుకోవచ్చుగా అంటారా? పూర్వం ఉండేది. వేలిముద్రలు తీసుకోవాలన్న చట్టం వచ్చాక 2004లో ఆపేశారు. ఇరవై ఏళ్లు ఆలోచించి 2024 జనవరి 29న ప్రయోగాత్మకంగా మళ్లీ తెరిచారు, 20,000 మందికి మాత్రమే. అర్హత చూడండి: భారత్‌లో స్టాంపు వేయించుకుని ఉంటే అది 2021 ఫిబ్రవరి 1కీ సెప్టెంబర్ 30కీ మధ్య పడి ఉండాలి. కెనడాలో వేయించుకున్నవాళ్లకైతే 2020 జనవరి నుంచి 2023 ఏప్రిల్ 1 దాకా. నాది భారత్‌లో పడింది, 2021 అక్టోబర్ 5న. ఆ అయిదు రోజుల్లో నేను దేశానికి ఏం ద్రోహం చేశానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఆ కిటికీకి ఆఖరి తేదీ ఏప్రిల్ 1 అని పెట్టారు. తేదీ ఎంచుకున్నవాళ్లకు హాస్యప్రియత్వం లేదని ఎవరూ అనలేరు.

2025 సెప్టెంబర్ 6న మరో స్పష్టత ఇచ్చారు. ఇంటర్వ్యూకు ఏ దేశం పడితే ఆ దేశం పోకండి, స్వదేశానికో, మీరు నివాసముంటున్న దేశానికో వెళ్లండి అని. సబబే. నేను నివాసముంటున్న దేశం అమెరికా. అమెరికాలో స్టాంపు వేయరు. నాకు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

నాకు బాగా నచ్చిన రూలు కెనడా, మెక్సికోలది. ఆ దేశాలకు వెళ్లి 30 రోజుల్లోపు తిరిగొస్తే, ఐ-94 చెల్లుతుంటే, గడువు తీరిన వీసాతోనే లోపలికి రానిస్తారు. కానీ అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు చేశారో, ఆ సదుపాయం పోతుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్లు. ఇక్కడ అడగనివాడికే పెడతారు. అడిగినవాడు మెక్సికోలో ఉండిపోతాడు.

ఇక హెచ్-1బికి పెట్టిన ఆ లక్ష డాలర్ల ఫీజు సంగతి. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం ప్రకటన వెలువడింది. విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు కొందరు దిగిపోయారు. ఇది కొత్త దరఖాస్తులకే, పాతవాళ్లకు కాదని మర్నాడు వివరణ వచ్చింది. ఒక్క రాత్రే కదా. టెన్షన్ పడటం మన బలహీనత, ప్రకటనది కాదు.

ఇన్ని చదువుకుని, మూడు వారాల సెలవు పెట్టి, డిసెంబర్ స్లాటుకు ఇండియా వచ్చాను. ఫైలు తూచితే ఏడు కిలోలుంది. లోపల ఏ ఆఫీసరు ఏ కాగితం అడుగుతాడో తెలియదు కదా. నా స్నేహితుడిని ఒకసారి క్లయింటు లెటరు, అంటే ఎవరి పని చేస్తున్నాడో ఆ కంపెనీ ఇచ్చే ఉత్తరం, అడిగి, వీసా ఆపామని రంగు కాగితం చేతిలో పెట్టి పంపారు. మరోసారి అదే లెటరు చూపించబోతే వద్దన్నారు. నా దాకా అంత దూరం రానేలేదు. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తామని, అకౌంట్లన్నీ అందరికీ కనిపించేలా పెట్టమని ఉత్తర్వు. చూసే పని పెరిగింది కాబట్టి నా స్లాటు మార్చికి జరిపామని మెయిలు. పాత తేదీన వచ్చినా లోపలికి రానివ్వమని అందులోనే రాశారు. ముఖం చూపించి తీరాలని పిలిచినవాళ్లే ఆ ముఖంతో రావద్దన్నారు. ఫేస్‌బుక్‌లోది చాలట. అందులో నావి పన్నెండేళ్ల నాటి గుండు ఫొటోలున్నాయి. వాటికి 48 నెలల లెక్క వర్తిస్తుందో లేదో ఎవరినడగాలి?

మేనేజరు మాత్రం సౌమ్యంగా, "మరి ఎప్పుడు వస్తున్నావు?" అని మెసేజ్ పెట్టాడు. రూల్స్‌కు విధేయుడిగా నిన్న మళ్లీ ఫొటో స్టూడియోకు వెళ్లాను. వీసా ఫొటో తీసి ఆరు నెలలు దాటకూడదు కదా, ఆగస్టులో దిగింది మార్చికి పాతబడిపోతుంది.

రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్. కుర్రాడికి అన్నీ తెలుసు.

"కళ్లజోడు తీసేయండి సార్. చెవులు కనబడాలి. నవ్వకండి."

"నేను నవ్వడం లేదు బాబూ."

కెమెరా దించి నా వంక ఓసారి చూశాడు. "స్టాంపింగేనా సార్?" అన్నాడు.